తొలి స్తన్యము: సూతికాగృహమున శాస్త్రము, ఆచారము

ఆత్మ నిత్యమని నిరూపించుటకు న్యాయదర్శనకర్త యగు గౌతముడు చూపిన హేతువులలో ఒకటి పురిటి గదికి సంబంధించినది. అప్పుడే పుట్టిన శిశువునకు స్తన్యమునందు అభిలాష కలుగుచున్నది. ఆకలి యన నేమో, అది దేనిచే తీరునో ఈ జన్మమున ఆ శిశువునకు ఎవ్వరును నేర్పలేదు. నేర్వనిదానియందు కోరిక పుట్టదు గనుక, ఆ కోరిక పూర్వజన్మమునందలి ఆహారాభ్యాసమువలన కలిగిన సంస్కారమే కావలెనని సూత్రకారుని వాదము. న్యాయసూత్రముల తృతీయాధ్యాయమున, ప్రథమాహ్నికమున ఈ చర్చ కలదు. పూర్వపక్షి ఊరకుండలేదు. ఇనుప ముక్క అయస్కాంతమువైపు జరుగుటకు పూర్వజన్మస్మృతి అక్కరలేదు కదా, శిశువు స్తనమువైపు జరుగుటయు అట్టిదే యేల కారాదని అడిగెను. ఇనుము అయస్కాంతమువైపే జరుగును గాని మట్టిగడ్డవైపు జరుగదు, మట్టిగడ్డయు అయస్కాంతమువైపు జరుగదు, కావున ఆ కదలికకును ఒక నియతకారణము కలదు, శిశువు కదలికకు గల నియతకారణము పూర్వానుభవస్మృతియే యని సిద్ధాంతి సమాధానము.

ఈ వాదప్రతివాదముల జయాపజయములు దార్శనికులకు సుపరిచితములు. చరిత్రను పరిశీలించువారికి ఇందు మరియొక విషయము కానవచ్చును. చేరువకు జరుగుట అను అర్థము గల ఉపసర్పణ శబ్దమును పూర్వపక్షియే వాడినాడు. భాష్యకారుడగు వాత్స్యాయనుడు జాతమాత్రమగు శిశువును గూర్చియే మాటలాడుచున్నాడు. పుట్టిన బిడ్డ పుట్టినట్లే తల్లి రొమ్మువైపు ప్రాకులాడునన్నది ఇరుపక్షములకును సమ్మతమైన ప్రత్యక్షము. వివాదమంతయు దాని కారణమును గూర్చియే గాని ఆ సంగతిని గూర్చి కాదు. అయినను ఇదే దేశమున, అనేక శతాబ్దములపాటు, అసంఖ్యాకములగు పల్లెలలో పుట్టిన బిడ్డను మొదటి దినమున తల్లి రొమ్మునకు చేర్చలేదు. రెండు దినములు, మూడు దినములు తేనెతోను, చక్కెర నీళ్ళతోను, ఆముదపు చుక్కతోను గడపిరి. దర్శనము నిత్యసిద్ధముగా గ్రహించిన దానిని ఆచారము కంటబడనీయలేదు. ఈ వైరుధ్యము ఎట్లు కలిగెనో విచారింపదగినది.

ఆచారమును శాస్త్రముపై మోపుట సులభము, అజ్ఞానముపై మోపుట అంతకన్న సులభము. రెండును తొందరపాటే. ముందుగా శాస్త్రము ఏమి చెప్పెనో చూడవలెను.

షోడశసంస్కారములలో జాతకర్మ నాల్గవది. నాభినాళమును ఛేదించుటకు ముందే దీనిని చేయవలెనని మనుస్మృతి రెండవ అధ్యాయము విధించుచున్నది. ఇందలి కారణము ధర్మశాస్త్రవిదులకు తెలిసినదే. బొడ్డు కోయువరకు జాతాశౌచము అంటదు, కోసిన పిదప పురుడు ప్రవేశించును. కావున తండ్రి చేయదగిన కర్మ ఆ కొలది నిమిషములలోనే జరుగవలెను. బృహదారణ్యకోపనిషత్తు షష్ఠాధ్యాయమున, చతుర్థబ్రాహ్మణమున ఈ కర్మ క్రమము విపులముగా నున్నది. తండ్రి అగ్నిని ప్రజ్వలింపజేసి, బిడ్డను అంకమున ఉంచుకొని ఆహుతులిచ్చును. కుడి చెవిలో వాక్కు అను శబ్దమును ముమ్మారు ఉచ్చరించును. పెరుగు, తేనె, నేయి కలిపి బంగారముతో ఇంచుక నాకించును. రహస్యనామము నుంచును. వెంటనే బిడ్డను తల్లికిచ్చి స్తనమును అందించును. అప్పుడు చెప్పవలసిన మంత్రము ఋగ్వేదము ప్రథమమండలమందలి దీర్ఘతమస్సు సూక్తమునుండి గ్రహింపబడినది. అది సరస్వతీదేవి యొక్క తరుగని స్తనమును స్తుతించు ఋక్కు. ఆ పిమ్మట తండ్రి తల్లివైపు తిరిగి, ఆమెను ఇళగా, మైత్రావరుణిగా సంబోధించి, వీరమాతవని ప్రశంసించును. ఉపనిషత్తు అక్కడితో ఆ ప్రకరణమును ముగించుచున్నది. నడుమ మూడు దినముల వ్యవధి లేదు, ఒక పూట వ్యవధియు లేదు.

ఆంధ్రదేశమున కృష్ణయజుర్వేదులలో అధికసంఖ్యాకులు ఆపస్తంబసూత్రులు. ఆపస్తంబ గృహ్యసూత్రము పదునైదవ ఖండము ప్రకారము, తేనెను నేతిని కలిపి, దర్భతో కట్టిన బంగారముతో తీసి శిశువునకు ప్రాశనము చేయించవలెను. పిదప స్నానము. పిదప పెరుగు, నేయి కలిపిన పృషదాజ్యమును కంచుపాత్రనుండి ప్రాశనము చేయించి, మిగిలినదానిని నీటితో కలిపి గోశాలయందు పోయవలెను. వెంటనే బిడ్డను తల్లి యొడిలో నుంచి, కుడి స్తనమును మంత్రపూర్వకముగా నోటికి అందించవలెను. ఉత్తరదేశమున ప్రచురమగు పారస్కర గృహ్యసూత్రమును అట్లే చెప్పుచు, కుడి స్తనమును కడిగి ఇయ్యవలెనని చేర్చినది, పిదప ఎడమదానిని వేరొక మంత్రముతో ఇయ్యవలెనన్నది. ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతముల పల్లెలలో ప్రసవానంతరము భర్త సోదరి వచ్చి బాలింత స్తనములను కడిగి, అందులకు కానుక పుచ్చుకొను ఆచారము నేటికిని కలదు. ఆడపడుచు వచ్చువరకు బిడ్డ ఆగవలసి యుండును. సూత్రమునందలి ప్రక్షాళనమునకును ఈ ఆచారమునకును గల పోలిక స్పష్టము. ఏది దేనినుండి వచ్చెనని నిర్ణయించుటకు మాత్రము ఆ పోలిక ఒక్కటియే చాలదు.

ఇతిహాసమును ఇదే పక్షమున నిలుచుచున్నది. వాల్మీకి బాలకాండమున కుమారసంభవమును చెప్పుచు, దేవతలు కృత్తికలను పాలిచ్చుటకు నియోగించిరనియు, వారు అప్పుడే పుట్టిన కుమారునకు క్షీరమిచ్చిరనియు అన్నాడు. మాంధాతృచరిత్ర మరింత విచిత్రము. తండ్రి పార్శ్వమునుండి పుట్టిన బిడ్డకు పాలిచ్చు తల్లి లేదు. ఏమి త్రాగునని దేవతలు చింతించుచుండగా, ఇంద్రుడు తన వ్రేలిని ఆ శిశువు నోటనుంచి, నన్నే త్రాగునని పలికెను. ఆ మాటయే బిడ్డకు పేరయ్యెనని భారతకథ. దేవతలు సైతము మూడు దినములు ఆగవచ్చునని తలపలేదు.

ఇక ఆయుర్వేదము. ఇక్కడ పాయ రెండుగా చీలినది. చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయమున జాతకర్మను చెప్పి, మంత్రించిన తేనెను నేతిని మొదట ఇచ్చి, ఆపైన అదే విధిని అనుసరించి కుడి స్తనమును త్రాగనీయవలెనని విధించినది. గృహ్యసూత్రములకును చరకునకును భేదము లేదు. సుశ్రుతుడు వేరొక మాట చెప్పినాడు. హృదయస్థములగు ధమనులు తెరచుకొనిన పిదప, మూడు లేక నాలుగు రాత్రులకు స్త్రీలకు స్తన్యము ప్రవర్తించును. కావున మొదటి దినమున తేనె, నేయి, అనంతమూలము కలిపి మూడు వేళల ఇయ్యవలెను, రెండవ మూడవ దినములలో లక్ష్మణతో పక్వము చేసిన నేతిని ఇయ్యవలెను, ఆపైననే స్తన్యము. వాగ్భటుని అష్టాంగహృదయము ఉత్తరస్థానమున దాదాపు ఇదే క్రమమును పాటించినది. దక్షిణదేశపు వైద్యులకు అష్టాంగహృదయమే ప్రధానపాఠ్యమగుటచేత, సుశ్రుతుని మతమే ఇచ్చట ఎక్కువ వ్యాపించుట ఆశ్చర్యము కాదు.

సుశ్రుతుని తప్పుపట్టుటకు ముందు ఆయన దృష్టి ఎంత నిశితమో గమనింపవలెను. కాన్పు అయిన రెండు మూడు దినములకు రొమ్ములు బరువెక్కి పాలు పొంగుట ప్రతి బాలింతయు ఎరిగినదే. దానికి కారణమును ఆధునికశరీరశాస్త్రము వివరించినది. గర్భమున మాయ ఉన్నంతకాలము దానినుండి వెలువడు ప్రొజెస్టెరాన్ అను రసము సమృద్ధముగా పాలు ఊరకుండ నిరోధించును. మాయ పడినతోడనే ఆ నిరోధము తొలగి, సుమారు 30 నుండి 72 గంటలలో క్షీరోత్పత్తి పుంజుకొనును. ధమనులు తెరచుకొనుట అను మాటను పక్కనబెట్టినను, సుశ్రుతుడు చెప్పిన కాలగణనలో దోషము లేదు. దోషమున్నది అనుమానమునందు. పాలు పొంగుటకు ముందు స్తనమున ఊరు పసుపు వన్నె గల చిక్కని ద్రవము స్వల్పము. దానిని ఆయన స్తన్యముగా లెక్కింపలేదు. న్యాయశాస్త్ర పరిభాషలో చెప్పవలెనన్న, ప్రత్యక్షము సరియైనది, వ్యాప్తి సరికాలేదు.

అదే సుశ్రుతుడు నిదానస్థానము పదవ అధ్యాయమున చెప్పిన వేరొక మాటను ఆచారపరులు అంతగా జ్ఞాపకముంచుకొనలేదు. బిడ్డను తాకుటచేత, చూచుటచేత, తలచుటచేత స్తన్యము స్రవించును, ఎడతెగని స్నేహమే ఆ స్రావమునకు హేతువని ఆయన సిద్ధాంతము. క్రోధము, శోకము, వాత్సల్యలోపము పాలను ఎండించునని శారీరస్థానమున చెప్పినాడు. స్పర్శచేతనే పాలు దిగును గనుక, స్పర్శను మూడు దినములు వాయిదా వేసినచో పాలు ఆలస్యమగునన్నది ఆయన మాటలనుండియే తేలుచున్నది. ఒకే గ్రంథమున రెండు స్థానములు. గ్రామములకు చేరినది ఒకటి. చేరవలసినది రెండవది.

గ్రామములకు ఏదియైనను గ్రంథములనుండియే చేరినదా యన్నది వేరొక ప్రశ్న. సమంత్రకమగు జాతకర్మ ద్విజపురుషశిశువులకే విధింపబడినది, ఆడుబిడ్డలకు అమంత్రకమని మనువు అన్నాడు. పల్లెయందలి అధికసంఖ్యాకుల ఇండ్లలో గృహ్యసూత్రమునకు ప్రసక్తియే లేదు. అక్కడ సూత్రకారిణి మంత్రసాని. ఆమె చెప్పినది వేదము, ఇంటి ముసలమ్మ వంత పాడినది భాష్యము. తెలుగునాట తొలికాన్పు పుట్టింట జరుగుట వాడుక గనుక, ఈ నిర్ణయము తరచుగా అమ్మమ్మ చేతిలో నుండెను. మలికాన్పులలో అత్తగారి చేతిలో. పదునెనిమిది ఇరువది ఏండ్ల బాలింతను ఎవ్వరును అడుగలేదు. బిడ్డ ఏడ్చుచుండగా రొమ్మునకు చేర్చుకొనవలెనని ఆమెకు తోచినను, పాలు పడలేదు కదే, ఏమి ఇత్తువని పెద్దలు అనిన పిదప ఆమెకు మరుమాట యుండదు.

పెద్దలు చెప్పిన కారణములు నాలుగైదు. ముర్రుపాలు తొమ్మిది నెలలు రొమ్మున నిలువయున్న పాలు, చెడిన పాలు, పిండి పారబోయవలెనన్నది ముఖ్యము. అవి చిక్కన గనుక బిడ్డకు అరుగవు, కడుపు నొచ్చునన్నది రెండవది. బిడ్డ కడుపులోని నల్లని మలము ముందు వెడలవలెను, అందులకు ఆముదము నాకించవలెనన్నది మరొకటి. బాలింత మైలయందున్నది, మూడవనాడో ఐదవనాడో నీళ్ళు పోసిన పిదపగాని పాలీయరాదన్నది కొన్ని ఇండ్ల నియమము. తల్లి అలసియున్నది, కాస్త నిద్రపోనిండన్న జాలియు ఇందులో కలదు. దీనిని క్రౌర్యమనుట అన్యాయము. ఆ వృద్ధస్త్రీలు బిడ్డ మేలునే కోరిరి. ఉగ్గుగిన్నెతో చక్కెర నీళ్ళు పట్టుచు, రాత్రులు మేల్కొనియుండినది వారే. మాట చక్కగా రావలెనని వస అరగదీసి నాలుకకు రాచినది, గాడిదపాలు బలమని వీధిలో అమ్మవచ్చినవానిని పిలిచి ఒక్క చెంచా కొనినది వారే. తేనెను, వసను నాకించుటయందు వైదికమగు మేధాజననము యొక్క ఛాయ కనబడుచున్నది. బంగారముతో తేనెను నాకించుటకు ఆపస్తంబుడు చెప్పిన క్రమములో మొదటి సగము ఇంటింటను నిలిచినది, బిడ్డను తల్లి యొడిలో ఉంచి స్తనమును అందించు రెండవ సగము జారిపోయినది. ఉగ్గుపాలతో నేర్చినాడను తెలుగు పలుకుబడిలో సైతము తల్లి రొమ్ముకన్న ఉగ్గుగిన్నెయే ముందు తలపునకు వచ్చుట గమనార్హము.

ముర్రుపాలను గూర్చిన శంకకు గోక్షీరవిషయమున ఒక ధర్మశాస్త్రమూలము కలదు. ఈనిన ఆవు పాలు పది దినములు గడచువరకు త్రాగరాదని మనుస్మృతి ఐదవ అధ్యాయము నిషేధించినది. ఆవు ముర్రుపాలను పేరు చెప్పియే వర్జింపుమన్నది. ఆ నిషేధము మనుష్యుల భోజనమును గూర్చినది, దూడ పాలిటి దానిని కాపాడుటకు సైతము అది ఉపకరించెను. అది మానుషస్తన్యమునకు సంక్రమించెనని నిశ్చయముగా చెప్పుటకు ప్రమాణము లేదు, కాని ఒకే ఇంట గోశాలయు పురిటి గదియు ఉన్న సమాజమున ఒకదాని భావము రెండవదానికి పాకుట అసంభవము కాదు. వింత ఏమనగా, నిషేధమును మీరి తెలుగువారు ఆవు ముర్రుపాలతో బెల్లము, మిరియములు వేసి జున్ను వండుకొని ఇరుగుపొరుగులకు పంచిపెట్టుకొందురు. జున్ను తినని ఇల్లు అరుదు. ఆవు ముర్రుపాలు నోరూరించును, అమ్మ ముర్రుపాలు పారబోయవలెను! పైగా అమరకోశము కొత్తపాలకు ఇచ్చిన పేరు పీయూషము. అమృతమునకును అదే పేరు.

పశువులను సాకు రైతునకు ముర్రుపాలు త్రాగని దూడ నిలువదని తెలియును. అట్లని అతడును దోషరహితుడు కాడు. మాయ పడువరకు దూడను పొదుగునకు విడువరాదను నమ్మకము కొన్ని పల్లెలలో ఇప్పటికిని కలదు. నిజమునకు పొదుగును కుడుచుటవలన కలుగు ప్రేరణ గర్భాశయమును సంకోచింపజేసి మాయ పడుటకు సాయపడును. స్త్రీలయందును అంతే. బిడ్డ వెంటనే రొమ్ము పట్టినచో ఆక్సిటోసిన్ స్రవించి, గర్భాశయము బిగిసి, రక్తస్రావము తగ్గును. ఎదురుచూచిన కార్యమునకు ఎదురుచూపే విఘ్నమైనది.

ఈ ఆచారము భారతీయులకే ప్రత్యేకమనుకొనుట పొరపాటు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున రోమునగరమున వైద్యము చేసిన ఎఫెసస్ నివాసి సోరానస్, తల్లిపాలు ఇరువది దినములవరకు హితకరములు కావని, మొదట తేనె ఇచ్చి, పిదప దాది పాలిప్పింపవలెనని వ్రాసెను. పుట్టినతోడనే తల్లి పాలీయవలెనన్న డమాస్టెస్ అను వైద్యుని ఆయన ఖండించెను. ఆ ఖండనముననే డమాస్టెస్ పక్షము చరిత్రకు తెలిసినది. సోరానస్ మాట ఐరోపాలో పదునెనిమిదవ శతాబ్దమువరకు చెల్లినది. 1748లో లండనునగరమున విలియం కాడొగన్ అను వైద్యుడు శిశుపోషణమును గూర్చిన లేఖను ప్రకటించి, తల్లి స్తన్యమును ఆలస్యము లేక ఇయ్యవలెనని వాదించిన పిదపనే అక్కడి అభిప్రాయము మారసాగెను. అరబ్బుదేశముల ముస్లిములలో ఖర్జూరమును నమిలి బిడ్డ అంగిట రాచు తహ్నీక్ అను ఆచారము కలదు. తొలిరుచి మధురమై, పెద్దల చేతిమీదుగా రావలెనను కోరిక మతభేదములను దాటినది. కోరికలో దోషము లేదు, అది తొలి స్తన్యము స్థానమును ఆక్రమించుటయందే దోషము.

దాని ఫలము బిడ్డల ప్రాణములపై పడినది. ముర్రుపాలలో రోగనిరోధకములగు ప్రతిరక్షకములు, విశేషించి ప్రేగుల లోపొరను కాపాడు ఇమ్యునోగ్లోబులిన్ ఏ, సమృద్ధిగా నుండును. ఏ విటమిన్ అధికము. నల్లని మలమును వెడలించు గుణము వానికే కలదు, ఆముదముతో పనిలేదు. పరిమాణము కొన్ని చెంచాలే, శిశువు ఉదరము అంతకన్న పెద్దది కాదు. 2006లో ప్రచురింపబడిన ఘనాదేశపు అధ్యయనము పల్లెలలో పుట్టిన 10,947 మంది శిశువులను పరిశీలించినది. మొదటి దినముననే అందరును స్తన్యము త్రాగినచో నవజాతమరణములలో నూటికి 16, మొదటి గంటలోనే త్రాగినచో నూటికి 22 నివారింపవచ్చునని దాని నిర్ణయము. 1980ల దశకమున స్వీడన్ పరిశోధకులు మరియొకటి చూపిరి. పుట్టిన బిడ్డను తుడిచి తల్లి వక్షమున బోర్లా పరుండబెట్టి ఊరకున్నచో, అది ఇంచుమించు గంటలోపల తానే ప్రాకి, రొమ్మును వెదకికొని త్రాగనారంభించును. గౌతముని పూర్వపక్షి వాడిన ఉపసర్పణ శబ్దమునకు ఇంతకన్న స్పష్టమగు చిత్రము దొరకదు. దాని కారణము సంస్కారమా, సహజప్రేరణమా యన్న వివాదము మాత్రము ఎప్పటివలెనే యున్నది.

భారతదేశమున ఈ విషయమున గణాంకములు 1992-93నాటి మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేతో ఆరంభమైనవి. అప్పుడు పుట్టిన గంటలోపల తల్లిపాలు త్రాగిన శిశువులు నూటికి పదిమందికి లోపే. 1998-99లో సుమారు 16. 2015-16నాటి నాలుగవ సర్వేలో 41.6. పెక్కు ఇండ్లలో మంత్రసాని మాట తగ్గి, ఆశా కార్యకర్త మాట పెరిగినది. అమ్మమ్మలు సైతము మనుమరాండ్ర కాన్పులలో తమ మాటను తామే మార్చుకొనిరి. ఆచారమనునది కదలని శిలయనువారు ఈ పాతికేండ్లను చూడవలెను.

అయితే 2019-21నాటి ఐదవ సర్వేలో ఆ సంఖ్య 41.8. నాలుగేండ్లలో ఆసుపత్రి ప్రసవములు నూటికి 78.9నుండి 88.6కు పెరిగినను, తొలిగంట స్తన్యము నిలిచిన చోటనే నిలిచినది. పల్లె మూఢత్వమే కారణమైనచో ఆసుపత్రికి చేరినంతనే సమస్య తీరవలసినది. తీరలేదు. అక్కడ వేరొక ఆచారము పుట్టినది. తెలంగాణమున అదే సర్వే ప్రకారము ప్రసవములలో నూటికి 60.7 శస్త్రచికిత్సచేతనే జరిగినవి, ఆంధ్రప్రదేశమున 42.4. దేశమంతటి సగటు 21.5. శస్త్రచికిత్స అయిన తల్లి బల్లపై నుండును, బిడ్డ వేరొక గదికి పోవును, కుట్లు వేసి, మత్తు దిగి, మంచము చేరునప్పటికి తొలిగంట గడచిపోవును. ఆ వ్యవధిలో వరండాలో కూర్చున్న బంధువులలో ఎవరో ఒకరి కొంగున తేనె సీసా యుండును, లేనిచో డబ్బా పాలు వచ్చును. సిబ్బంది తలచినచో శస్త్రచికిత్స బల్లపైననే బిడ్డను తల్లి వక్షమునకు చేర్చవచ్చును, చేయుచున్న ఆసుపత్రులును కలవు.

భక్తులు ప్రత్యేకముగా ఆలోచింపవలసినది ఇక్కడ ఒకటి కలదు. ఈ శస్త్రచికిత్సలలో కొన్ని వైద్యావసరముచే గాక ముహూర్తముచే నిర్ణయమగుచున్నవి. మంచి లగ్నము, మంచి నక్షత్రపాదము చూచి, ఆ ఘడియకు బిడ్డను తీయుమని కుటుంబములు కోరుట తెలుగు రాష్ట్రములలో బహిరంగరహస్యము. జాతకము జననకాలమును ఆశ్రయించినదే గాని, జననకాలము జాతకమును ఆశ్రయించునది కాదు. ప్రాచీనజ్యోతిషమున శిశువు పుట్టిన ఘడియను గుర్తించుటయే దైవజ్ఞుని పని, ఆ ఘడియను ఎన్నుకొనుట కాదు. పూర్వము ఆచారము బిడ్డను పుట్టిన పిదప ఆపినది. ఇప్పటి ఆచారము బిడ్డను పుట్టుటకు ముందే తొందరపెట్టి, పుట్టిన పిదప మరల ఆపుచున్నది. రెంటియందును కోల్పోవునది ఆ మొదటి గంటయే. శుభముహూర్తమునకై అంత శ్రద్ధ వహించినవారు ఆ తరువాతి అరువది నిమిషములను గూర్చి వైద్యుని ఒక్కమాట అడుగుట కష్టము కాదు.

జాతకర్మ నియమమునకు భంగము కలుగునేమో యను శంక కొందరికి కలదు. తేనెలో కొన్ని వేళల బోట్యులిజమ్ అను పక్షవాతరోగమును కలిగించు సూక్ష్మజీవుల బీజములు ఉండును గనుక, ఏడాది నిండువరకు శిశువునకు తేనె ఈయరాదని వైద్యులు ఏకకంఠముగా చెప్పుదురు. సూత్రము విధించినది బంగారముతో తీసిన లేశమాత్రమే, ఆ లేశము సైతము నేడు శిశువు నోటికి పోక తప్పించుట ఉచితము. స్తన్యదానమునకు మాత్రము ఏ వైద్యుడును, ఏ సూత్రకారుడును అభ్యంతరము చెప్పలేదు.

ఆ కర్మ యథాకాలమున జరుగుట ఎట్లును అరుదైనది. ప్రసవము ఆసుపత్రిలో, తండ్రి తలుపు వెలుపల. కావున అనేక కుటుంబములు జాతకర్మను పదునొకండవ నాటి నామకరణముతో కలిపి చేయుచున్నవి. మరికొన్ని ఇండ్లలో అదియు తప్పి, ఉపనయనమునాడు ప్రాయశ్చిత్తపూర్వకముగా జాతకర్మ, నామకరణము, అన్నప్రాశనము, చౌలము వరుసగా చెప్పి ముగింతురు. తల్లి యొడిలో నుంచి కుడి స్తనమును అందించు మంత్రము వచ్చునప్పటికి, పీటపైన ఎనిమిదేండ్ల వటువు ధోవతి సర్దుకొనుచు కూర్చుండును. పురోహితుడు ఆ మంత్రమును చదివి, తరువాతి దానికి పోవును.